మారడానికి ఓ ఇల్లు కావాలి

హైదరాబాదులో మైత్రీవనం అనే మాట వినని తెలుగు కుటుంబం అరుదు. అమీర్‌పేట కూడలి దగ్గర ఒకప్పటి హైదరాబాదు పట్టణాభివృద్ధి సంస్థ (హుడా) కట్టించిన భవనం పేరది. ఇప్పుడా పేరు వింటే భవనం కంటే ముందు సాఫ్ట్‌వేర్ శిక్షణ సంస్థల బోర్డులే గుర్తుకొస్తాయి. గోడ కనబడనివ్వని ఫ్లెక్సీలు, మెట్రో మెట్ల కింద చేతిలో పెట్టే కరపత్రాలు, మెటీరియల్ అమ్మే జిరాక్స్ షాపులు, ఎస్.ఆర్. నగర్ సందుల్లో అంతస్తు మీద అంతస్తుగా లేచిన హాస్టళ్లు. జావా, ఒరాకిల్ బోర్డుల పక్కకు డేటా సైన్స్, క్లౌడ్ బోర్డులు వచ్చి చేరాయి. మెకానికల్ ఇంజనీరింగ్ చదివిన కుర్రాడు టెస్టింగ్ నేర్చుకోవడానికి వస్తాడు. పెళ్లయి పదేళ్లు ఇంటిపట్టున ఉన్న ఆవిడ మళ్లీ ఉద్యోగం చేద్దామని వస్తుంది. నలభై దాటాక కొలువు పోయినాయన పిల్లల ఈడువాళ్ల పక్కన బెంచీ మీద కూర్చుంటాడు. డెమో క్లాసు ఉచితం, వయసెంతని ఎవరూ అడగరు. జీవితాన్ని మధ్యలో మలుపు తిప్పుకోవచ్చని ఇంత బాహాటంగా ప్రకటించే చోటు తెలుగునాట మరొకటి లేదనే చెప్పాలి.

ఈ మలుపుకి అయ్యే ఖర్చు కాస్త లెక్క వేసి చూద్దాం. కోర్సు ఫీజు అందులో చిన్న పద్దు. అసలు ఖర్చు ఆ తర్వాత మొదలవుతుంది. కోర్సు నడిచే మూడు నెలలు, ఇంటర్వ్యూల కోసం తిరిగే ఆరు నెలలు, అవి ఏడాదైనా ఆశ్చర్యం లేదు. ఆ కాలమంతా హాస్టలు అద్దె, మెస్సు, బస్‌పాసు, ఫోను రీచార్జి. వీటికి డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది? నాన్న పీఎఫ్‌లోంచి, అమ్మ గాజుల మీద తెచ్చిన అప్పులోంచి, అన్నయ్య జీతంలోంచి వస్తుంది. హాస్టలు భారమైతే బాబాయి ఇంట్లో చాప పరుచుకోవచ్చు. ఏదీ కుదరకపోతే ఊరెళ్లి నాలుగు నెలలు ఉండి, మళ్లీ రావచ్చు. మైత్రీవనం అమ్మే మార్పుకి హామీదారు ఇల్లు. ఏ బోర్డు మీదా ఆ సంగతి రాయరు, ఎందుకంటే అందరికీ ఇల్లుంటుందని అందరి నమ్మకం. ఆ నమ్మకం ఎంత గట్టిదో 2020 మార్చి 25న బయటపడింది. లాక్‌డౌన్ పెట్టగానే అమీర్‌పేట, ఎస్.ఆర్. నగర్, పంజాగుట్ట ప్రాంతాల్లో హాస్టళ్లవాళ్లు ఖాళీ చేసి వెళ్లమన్నారు. ఊళ్లకు పోవడానికి అనుమతి పత్రాల కోసం వేలమంది పోలీసు స్టేషన్ల ముందు బారులు తీరారు. అవి పట్టుకుని బయల్దేరినవాళ్లు ఆంధ్ర సరిహద్దులో గరికపాడు చెక్‌పోస్టు దగ్గర రాత్రిదాకా నిలబడిపోయారు. చివరికి ప్రభుత్వం కల్పించుకుని హాస్టళ్లు ఖాళీ చేయించవద్దని చెప్పాల్సి వచ్చింది. ఆ రోజు టీవీల్లో చర్చంతా దారి ఎలా అన్నదాని మీదే సాగింది. వెళ్లడానికి ఊరే లేనివాళ్ల సంగతి ఎవరికీ తట్టలేదు.

అలాంటివాళ్లు దూరంలో ఏమీ లేరు. అమీర్‌పేటలో మెట్రో ఎక్కి రాయదుర్గం వైపు వెళితే తర్వాతి స్టేషనే మధురానగర్. అక్కడే స్త్రీశిశు సంక్షేమ శాఖ కార్యాలయాలు, శిశువిహార్ ఉన్నాయి. విడిచిపెట్టిన పసికందుల్ని, ఎవరూ లేని చిన్నపిల్లల్ని మొదట చేర్చేది శిశువిహార్‌కే. కాస్త పెద్దయినవాళ్లు నింబోలి అడ్డా బాలికల గృహానికో, సైదాబాద్ బాలుర గృహానికో, ఏదో జిల్లా బాలసదనానికో వెళతారు. కొద్దిమంది మాత్రం ఫోస్టర్ కుటుంబాల్లోకి వెళతారు. దత్తతలో బిడ్డ పూర్తిగా ఆ ఇంటి బిడ్డవుతుంది. ఫోస్టర్ కేర్‌లో బిడ్డ బాధ్యత ప్రభుత్వానిదిగానే ఉంటుంది, పెంపకం ఒక ఇంట్లో జరుగుతుంది, జిల్లా బాలల సంక్షేమ కమిటీ ఉత్తర్వు మీద. 2016 జనవరిలో అమల్లోకి వచ్చిన బాలల న్యాయ చట్టంలో దీనికి చోటుంది. మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద బిడ్డకు నెలకు నాలుగు వేల రూపాయలు ఇస్తారు. గృహంలో పెరిగినా పరాయి ఇంట్లో పెరిగినా, పద్దెనిమిదో పుట్టినరోజుకి ఆ ఉత్తర్వు గడువు తీరుతుంది. తర్వాత ఇరవై ఒకటి దాకా అనంతర సంరక్షణ పేరుతో కొంత సాయం చేయవచ్చు. నిబంధనల ప్రకారం ప్రత్యేక పరిస్థితుల్లో మరో రెండేళ్లు పొడిగించవచ్చు. అంటే ఎంత సాగదీసినా ఇరవై మూడు. మైత్రీవనం బెంచీల మీద ఎక్కువమంది కూర్చునే వయసు సరిగ్గా అక్కడే మొదలవుతుంది.

ఈ పిల్లల గురించి మనవాళ్లు సానుభూతితోనే ఒక మాట అంటుంటారు: చిన్నప్పట్నుంచి అన్నీ చూశారు, ఎక్కడైనా సర్దుకుపోతారు, మార్పు వాళ్లకి కొత్త కాదు అని. వినడానికి మెచ్చుకోలులా ఉంటుంది గానీ ఇందులో పెద్ద పొరపాటుంది. ఒక గృహం నుంచి మరో గృహానికి, ఒక ఇంటి నుంచి మరో ఇంటికి, తనను అడగకుండానే పంపబడిన మనిషికి తెలిసింది కదిలించబడటం. మారడం అలా వచ్చేది కాదు. మారాలంటే ఉన్నదాన్ని కొంతకాలం వదులుకోవాలి, ఓడిపోతే వెనక్కి రావడానికి చోటుందన్న ధీమా ఉండాలి. వరి నారును పీకి నాటితే దుబ్బు కడుతుందని రైతుకి తెలుసు. అయితే దమ్ము చేసిన మడి సిద్ధంగా లేకుండా నారు పీకే రైతు ఎక్కడా ఉండడు. చిన్నప్పుడు పదిసార్లు పీకబడినవాడు పెద్దయ్యాక దొరికిన ఉద్యోగాన్ని, అద్దె గదిని, నచ్చని సంబంధాన్ని సైతం గట్టిగా పట్టుకుని కూర్చుంటే దాన్ని పిరికితనం అనలేం. తనకున్న సమాచారం మేరకు అతను తెలివైన పనే చేస్తున్నాడు. నలభయ్యో ఏట అతనికి ధైర్యం గురించి ఉపన్యాసమిస్తే ఫలితం ఉండదు. అతనికి లేనిది వెనక్కి రావడానికి ఒక చోటు.

దీనికి ఆధారాలున్నాయి. రుమేనియా రాజధాని బుకారెస్టులో 2000లో ఒక అధ్యయనం మొదలైంది. అనాథ గృహాల్లో పెరుగుతున్న 136 మంది పసిపిల్లల్లో సగం మందిని చీట్లు తీసినట్టుగా ఎంచి ఫోస్టర్ కుటుంబాలకు అప్పగించారు. ఆ నగరంలో అలాంటి కుటుంబాలు దాదాపు లేకపోతే పరిశోధకులే వెతికి, శిక్షణ ఇచ్చి తయారు చేశారు. కుటుంబాల్లోకి వెళ్లిన పిల్లలు తెలివితేటల్లోనూ, మనుషులతో అనుబంధంలోనూ గృహాల్లో మిగిలినవారి కంటే ముందున్నారు. రెండేళ్లు నిండకముందే వెళ్లినవారికి మేలు మరింత ఎక్కువగా కనిపించింది. ఇక్కడే ఒక అభ్యంతరం పుడుతుంది. రెండేళ్లలోపే అంతా తేలిపోతుందంటే, నలభై ఏళ్లవారికి రెండో అవకాశం ఇచ్చి ఏం లాభం? దీనికి జవాబు పసిఫిక్ మహాసముద్రంలోని కవాయి అనే హవాయి దీవిలో దొరుకుతుంది. 1955లో ఆ దీవిలో పుట్టిన 698 మంది బిడ్డల్ని ఎమ్మీ వెర్నర్ అనే మనస్తత్వవేత్త, ఆమె సహచరులు నడివయసు వచ్చేదాకా గమనిస్తూ వచ్చారు. పేదరికం, తల్లిదండ్రుల జబ్బులు, తాగుడు, ఇంట్లో గొడవలు, ఇలాంటివి నాలుగైనా మీదపడిన పిల్లల్లో మూడోవంతు మంది ఏ దెబ్బా తగలనట్టు ఎదిగారు. వాళ్లలో ఎక్కువమందికి కన్నవాళ్లు కాకపోయినా అమ్మమ్మో, పొరుగింటావిడో, పంతులుగారో, ఎవరో ఒక పెద్దమనిషి విడవకుండా తోడున్నారు. అందరూ చెప్పుకునే భాగం ఇదే. నాకు దీనికంటే ముఖ్యమనిపించే భాగం ఇంకొకటి ఉంది. మిగిలిన మూడింట రెండు వంతుల్లో, పదిహేడు పద్దెనిమిదేళ్లకు చదువు ఆపి, పోలీసు కేసుల్లో పడి, చిన్న వయసులోనే తల్లులై, ఇక బాగుపడరనిపించిన వారిలో చాలామంది ముప్ఫైల్లో, నలభైల్లో కుదురుకున్నారు. కుదురుకోవడానికి దారి ఏది? వయోజనులను చేర్చుకునే కాలేజీ, సైన్యంలో నేర్చుకున్న పని, నిలకడైన జీవిత భాగస్వామి, తమను కలుపుకున్న ప్రార్థనా సమాజం. మానసిక చికిత్స పాత్ర అందులో చాలా తక్కువ. పద్దెనిమిదేళ్లకు మూసేసిన పద్దు అసలు ఫలితం ముప్ఫై అయిదో ఏట తేలుతోందన్నమాట.

తెలుగునాట ఇందుకు బాగా తెలిసిన ఉదాహరణ జ్యోతిరెడ్డి. 1970లో వరంగల్ జిల్లాలో పుట్టారు. తల్లి బతికే ఉన్నా, పేదరికం వల్ల తల్లి లేని పిల్లగా నమోదు చేసి అనాథ గృహంలో చేర్చారు. పదహారేళ్లకు పెళ్లి, తర్వాత ఇద్దరు ఆడపిల్లలు, రోజుకు అయిదు రూపాయల కూలికి పొలం పని. 2000లో అమెరికా వెళ్లి, ఫీనిక్స్ నగరంలో కీ సాఫ్ట్‌వేర్ సొల్యూషన్స్ అనే కంపెనీ స్థాపించారు. ఈ కథ చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు, చూశారా, పట్టుదల ఉంటే చాలు, ప్రభుత్వాలతో పనేముంది అంటారు. పట్టుదల లేదని ఎవరంటారు? కానీ కూలి పనికీ కంపెనీకీ మధ్య ఉన్న మెట్లు కూడా చూడాలి కదా. నెహ్రూ యువ కేంద్రంలో వాలంటీరు పని దొరికింది. డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో డిగ్రీ చేశారు. తర్వాత టీచరు ఉద్యోగం వచ్చింది. ఈ మెట్లలో మొదటి రెండూ ప్రజల సొమ్ముతో నడిచినవి. ముఖ్యంగా ఆ విశ్వవిద్యాలయం 1982లో, దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయంగా, మన హైదరాబాదులోనే పుట్టింది. పది పాసు కాకపోయినా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరవచ్చని అది తలుపు తీసింది. ఇద్దరు పిల్లల తల్లి వస్తే నీ వయసు దాటిపోయిందమ్మా అనలేదు. ఆ తలుపు మూసి ఉంటే అదే పట్టుదల ఏమై ఉండేదో ఊహించుకోవడం కష్టం కాదు. అదే పట్టుదల ఉన్న ఎందరో ఇంకా పొలాల్లోనే ఉన్నారు, వాళ్ల మీద ఎవరూ వ్యాసాలు రాయరు.

వయసు దాటాక మళ్లీ తలుపు తెరిచే ఈ దారి మన పెద్దలకు కొత్త కాదు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఎనిమిదో ఏట పెళ్లి చేయబడి, ఆ బంధం నుంచి బయటపడి, ఉద్యమాలు చేసి జైళ్లకు వెళ్లి, ఆ తర్వాత చదువు అందుకుని లాయరయ్యారు. మద్రాసులో బనారస్ మెట్రిక్ పరీక్షకు ఆడపిల్లల్ని తయారు చేసే తరగతులు పెట్టారు. ఆ పనిలోంచే ఆంధ్ర మహిళా సభ ఎదిగింది. ఆమె అధ్యక్షురాలిగా ఉన్న కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి 1958లో, బడి మానేసిన వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యా కోర్సులు మొదలుపెట్టింది. భర్త పోయినవారు, ఎవరూ లేనివారు రెండు మూడేళ్లలో మెట్రిక్ పూర్తి చేసి నర్సులుగా, గ్రామసేవికలుగా, టీచర్లుగా మారడానికి అది ఉపయోగపడింది. మధురానగర్ పక్కనే యూసుఫ్‌గూడలో ఆమె పేరిట ప్రభుత్వ మహిళా సాంకేతిక శిక్షణ సంస్థ ఇప్పటికీ ఉంది. దుర్గాబాయి ఆలోచనలో నాకు నచ్చేది ఒకటుంది. చదువుతోపాటు ఉండడానికి చోటు, తినడానికి తిండి కూడా లెక్కలోకి తీసుకున్నారు.

సంరక్షణలో పెరిగినవారికి ఇలాంటి తలుపు ఏ వయసులోనైనా తెరిచి ఉంచాలంటే వచ్చేది డబ్బు ప్రశ్న. నలభై ఏళ్లదాకా జీతమిచ్చినట్టు పోషిస్తూ పోవడానికి ఏ ఖజానా సరిపోతుందని అడిగేవారికి నా జవాబు ఒకటే: నెలనెలా ఇవ్వమని ఎవరూ అడగడం లేదు. ప్రభుత్వ సంరక్షణలో పెరిగిన మనిషి తన జీవితంలో ఒక్కసారి, ఏ వయసులోనైనా సరే, ఆరు నెలలో తొమ్మిది నెలలో ఒక మంచం, భోజనం, ఒక కోర్సు ఫీజు కోరుకోగలగాలి. పద్దెనిమిదికి వాడుకోని హక్కు ముప్ఫై అయిదుకి వాడుకోగలగాలి. ఎంతమంది వస్తారో ముందే తెలిసే లెక్క ఇది, ఎందుకంటే గృహాల రిజిస్టర్లు ప్రభుత్వం చేతిలోనే ఉన్నాయి. పైగా పద్దెనిమిదితో బాధ్యత ముగియదని ప్రభుత్వమే ఒప్పుకున్న సందర్భం ఉంది. కోవిడ్‌లో తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లల కోసం 2021 మేలో ప్రకటించిన పీఎం కేర్స్ పథకంలో పద్దెనిమిది నుంచి ఇరవై మూడు దాకా నెలవారీ భృతి, ఇరవై మూడు నిండాక పది లక్షలు ఇస్తామన్నారు. మంచి పనే. కోవిడ్‌తో పోయిన తండ్రికీ, పాము కరిచి పోయిన తండ్రికీ పిల్లల దృష్టిలో తేడా ఏమిటో మాత్రం ఆ పథకం చెప్పదు.

ఇంకో అభ్యంతరం దీనికంటే బలమైనది. అమ్మానాన్నా ఉండి కూడా ఏమీ లేని పేదపిల్లలు లక్షల్లో ఉన్నారు, వీళ్లకే ప్రత్యేకం దేనికి? ఈ మాటలో న్యాయముంది, తేలిగ్గా కొట్టెయ్యడానికి వీల్లేదు. సార్వత్రిక విద్యలాంటి తలుపులు అందరికీ తెరిచే ఉండాలి. అయితే ఫోస్టర్ కేర్‌లోనూ గృహాల్లోనూ పెరిగినవారి విషయంలో ఒక తేడా ఉంది. వాళ్లు ఎక్కడ ఉండాలో, ఎప్పుడు కదలాలో, ఏ బడిలో చదవాలో ప్రభుత్వం ఉత్తర్వు మీద నిర్ణయించింది. తల్లిదండ్రుల స్థానంలో తనంతట తాను కూర్చుంది. కూర్చున్నవారు తల్లిదండ్రుల్లా ప్రవర్తించాలి. కొడుక్కి ఇరవై ఒకటి నిండిందని తలుపు గొళ్లెం పెట్టే తండ్రిని మన ఊళ్లలో ఏమంటారో నేను చెప్పనక్కర్లేదు. ఉభయ తెలుగు రాష్ట్రాల్లో అనాథ పిల్లలను బీసీ ‘ఎ’ జాబితాలో చేర్చారు, అది మెచ్చుకోవలసిందే. కానీ పదేళ్లలోపే తల్లిదండ్రులను పోగొట్టుకుని ఉండాలన్న షరతు అందులో ఉంది. పదకొండో ఏట పోగొట్టుకున్నవారు, తల్లి ఉండీ పెంచలేక వదిలేసినవారు ఆ గీత బయటే ఉండిపోతారు.

ఇంతవరకూ నడివయసు గురించి మాట్లాడాం. అరవై దాటాక ఏమవుతుందన్నది మన దగ్గర ఇంకా ప్రశ్నగా కూడా పుట్టలేదు. ఆస్ట్రేలియాలో పుట్టింది. ఇరవయ్యో శతాబ్దంలో అక్కడ అయిదు లక్షలకు పైగా పిల్లలు గృహాల్లోనో, పరాయి ఇళ్లలోనో పెరిగారని 2004లో సెనేట్ నివేదిక తేల్చింది. 2009 నవంబరు 16న ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో వాళ్లకు క్షమాపణ చెప్పారు. ఆ పిల్లలు ముసలివాళ్లయ్యే సరికి కొత్త సంగతి బయటికొచ్చింది: వృద్ధాశ్రమం పేరెత్తితే చాలు, వాళ్లలో చాలామందికి వణుకు. గంట కొడితే భోజనం, వరసగా మంచాలు, తాళం వేసే తలుపు. చిన్నప్పుడు పారిపోవాలనుకున్న చోటికే మళ్లీ చేరినట్టు. ఆ దేశం అలా పెరిగినవారిని వృద్ధుల సంరక్షణలో ప్రత్యేక శ్రద్ధ చూపవలసిన వర్గాల్లో చేర్చింది. పిల్లలు విదేశాల్లో ఉండి, తల్లిదండ్రులు ఆశ్రమాల్లో చేరడం హైదరాబాదులో మామూలైపోయింది. అందరికీ అది కష్టమే. ఒక అనాథ గృహం నుంచి జీవితం మొదలుపెట్టినవారికి ఆ కష్టం వేరు. డెబ్బయ్యో ఏట మార్పును స్వాగతించమని వాళ్లకు చెప్పేముందు గదికి లోపలివైపు గొళ్లెం ఉందో లేదో చూడటం ధర్మం.

మరి సంరక్షణలో పెరిగినవారికి ఇళ్లు ఎక్కడ దొరుకుతాయి? దగ్గర్లోనే ఉన్నాయి. వెంగళరావునగర్‌లో, సంజీవరెడ్డి నగర్‌లో, బల్కంపేటలో మూడు గదుల ఇళ్లలో ఇద్దరే మిగిలిన దంపతులు, ఒక్కరే మిగిలిన పెద్దలు ఉన్నారు. ఆ వయసులో కొత్త బాధ్యతలు ఎవరు నెత్తిన వేసుకుంటారనే సందేహం ఒకటి వినిపిస్తుంది. అరవై ఏళ్ల అమ్మమ్మ విజిటర్ వీసా మీద డాలస్ వెళ్లి, ఆరు నెలలుండి, భాష రాకపోయినా మనవణ్ణి పెంచి వస్తోంది కదా. మార్పును మన పెద్దలు కాదంటున్నది ఎక్కడ? 2024లో కేంద్రం సవరించిన ఫోస్టర్ కేర్ మార్గదర్శకాలు పెళ్లి కానివారికి, తోడు పోగొట్టుకున్నవారికి, విడిపోయినవారికి కూడా 35 నుంచి 60 ఏళ్ల మధ్య అవకాశమిచ్చాయి. ఫోస్టర్ బిడ్డను దత్తత తీసుకోవడానికి ఆగవలసిన కాలాన్ని అయిదేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గించాయి. తెలంగాణలో ప్రభుత్వోద్యోగి రిటైరయ్యేది అరవై ఒకటికి. అంటే ఒంటరిగా ఉన్న టీచరమ్మకు తీరిక దొరికే రోజుకి ఆమె గడువు అప్పటికే ఏడాది కిందట దాటిపోయి ఉంటుంది. ఆరేళ్ల బిడ్డను పద్దెనిమిది దాకా పెంచాలంటే ఓపిక, ఆరోగ్యం కావాలి కాబట్టి పై హద్దు పెట్టడం తప్పని అనలేం. పరాయి ఇంట్లో బిడ్డకు ఏమవుతుందోనన్న భయంతో గట్టి తనిఖీ పెట్టడమూ సబబే, ఆ తనిఖీ గృహాలకూ అంతే అవసరం.

కానీ పద్దెనిమిది నిండిన అమ్మాయికి పెంచేవాళ్లతో పనిలేదు. ఆమెకు కావలసింది కోర్సు నడిచే ఆరు నెలలు ఉండటానికి ఒక గది, పండక్కి వెళ్లడానికి ఒక గడప, అద్దె ఒప్పందంలోనో, ఆస్పత్రి కాగితంలోనో సంరక్షకులు అన్నచోట రాయడానికి ఒక పేరు. అవి ఇచ్చే పెద్దలకు అరవై అయిదేళ్లు అడ్డు కావు, డెబ్బై కూడా కావు. ఫోస్టర్ కుటుంబాలను వెతికి, ఇల్లు చూసి, నివేదిక రాసే జిల్లా బాలల పరిరక్షణ విభాగం ఎలాగూ ఉంది. ఆ విభాగమే పద్దెనిమిది దాటినవారి కోసం ఇలాంటి పెద్దల పట్టికను కూడా తయారు చేయవచ్చు. ఇరవై మూడులోపువారి వరకూ దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, అనంతర సంరక్షణ కింద ఒక ఉత్తర్వు చాలు. ఆ పట్టికలో ముప్ఫై దాటినవారికి కూడా చోటివ్వాలా అన్నదాని మీద అధికారులు వాదిస్తారు. కవాయి లెక్కలు చూస్తే, ముందుగా చోటివ్వవలసింది వాళ్లకే.